గిల్లతీగకు నెలవు ఏది?

జీవితమంతా మొక్కల గురించి పాఠం చెప్పిన ఒక అధ్యాపకుడి స్మృతికి ఏర్పాటైన ఉపన్యాసం ఇది. అలాంటివారికి పొగడ్తల కన్నా, ఒక మొక్కను గురించి కాస్త ఓపికగా ఆలోచించడమే తగిన నివాళి అని నా నమ్మకం. సభ జరుగుతున్నది బెంగళూరులో గనుక, ఈ ఊళ్ళోనే పెరిగి, ఈ ఊరిది కాని ఒక తీగను ఎంచుకున్నాను.

మల్లేశ్వరం దాటగానే, పాతతరం వాళ్ళు ఇప్పటికీ టాటా ఇన్‌స్టిట్యూట్ అనే పిలిచే భారతీయ విజ్ఞాన సంస్థ వస్తుంది. ఆ ఆవరణలో ఒక గిల్లతీగను పరిశోధన కోసం పెంచారు. వర్షారణ్యంలో మహాతీగల్ని పరిశీలించడం చాలా కష్టమైన పని. ఎడతెగని వాన, మొదలేదో కొస ఏదో తెలియనివ్వని దట్టమైన పచ్చదనం, పరికరాలు మోసుకుపోలేని దారులు. అందుకని తీగనే కళ్ళెదుట పెంచి చూశారు. ఆ పరిశీలనను రమేశ్ మహేశ్వరి, కె. శంకరరావు, టి.వి. రామచంద్ర 2009 జనవరిలో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ప్రకటించారు. 17 ఏళ్ళలో ఆ ఒక్క మొక్క దాదాపు 1.6 హెక్టార్ల మేర, అంటే మన లెక్కలో నాలుగెకరాల మేర, చెట్ల తలల మీద పరుచుకుంది. అంతా ఒకే విత్తనం సంతానం. చెట్టుకూ చెట్టుకూ మధ్య ఖాళీ వచ్చినచోట గాలిలోనే మోకుల్లాంటి కాడల్ని చాచి, అవతలి చెట్టును అందుకుని, అక్కణ్ణుంచి మళ్ళీ సాగింది. తడి అడవుల మొక్క, సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున, ఏడాదికి దాదాపు వెయ్యి మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే పీఠభూమి మీద ఇంతదైంది. అప్పుడు వ్యాసకర్తలకు ఒక ప్రశ్న ఎదురైంది. ఇంత భిన్నమైన వాతావరణంలో ఇంతగా పెరగగలిగిన తీగ, ప్రకృతిలో సతతహరితారణ్యాలకే ఎందుకు పరిమితమైపోయింది?

ఈ ప్రశ్నను నేను చాలా గంభీరంగా తీసుకుంటున్నాను. దీనికి తొందరపడి చెప్పుకునే జవాబు మన అడవుల విషయంలో ప్రమాదకరమైన నిర్ణయాలకు దారితీస్తుంది. బెంగళూరులో పెరిగింది కదా, ఇక దాని అడవి పోతే మాత్రం ఏమి అనేదే ఆ తొందర జవాబు. నేను చెప్పదలచింది దీనికి పూర్తిగా భిన్నం. ఒక మొక్క బతకగలిగిన చోటు వేరు, దాని నెలవు వేరు. ఒక తరం తరవాత ఇంకొక తరం, మనిషి చెయ్యి పడకుండా, తనంతట తాను లేచి నిలబడగలిగిన చోటునే నెలవు అనాలి. తీగల విషయంలో ఆ నెలవును మట్టితోనూ వానతోనూ మాత్రమే కొలవలేం. దాని పొరుగున ఎవరున్నారన్నది కూడా లెక్కలోకి రావాలి.

ముందు మొక్కను పరిచయం చెయ్యాలి. శాస్త్రవేత్తలు దీన్ని ఎంటాడా పర్సేథా అనీ, ఎంటాడా రీడై అనీ రాస్తారు. చిక్కుడు కుటుంబంలో తుమ్మ, జమ్మి ఉన్న శాఖకు చెందినది. రెండుసార్లు చీలిన ఈకలాంటి ఆకు, ఆ ఆకు కొసన రెండు పాయలుగా చీలిన నులితీగ. ఆ నులితీగతోనే అది చెట్టును పట్టుకుంటుంది. పూలు చిన్నవి, వెన్నుల్లాగా వస్తాయి. కాయ మాత్రం మీటరు దాటి సాగుతుంది. చిక్కుడు కుటుంబం మొత్తంలో ఇంతకన్నా పెద్ద కాయలు లేవనే చెప్పాలి. పండి ఎండాక కాయ ముక్కలవుతుంది, ముక్కకొక గింజ. అంచున ఉన్న నార చట్రం ఒక్కటే తీగకు వేలాడుతూ మిగులుతుంది. గింజ అరచేతిలో ఇమిడే గోధుమరంగు బిళ్ళ, రాయంత గట్టిది. మన దేశంలో రజకులు సన్నబట్టలకు కుచ్చులు తీర్చడానికి దీన్ని వాడేవారు. కొండప్రాంతాల్లో గింజల్ని నురగ కోసం తల రుద్దుకోవడానికి వాడారు. బెరడును ఏటిలో చేపలకు మత్తుమందుగా వేశారు. చేపను మత్తెక్కించేదీ, తలకు నురగనిచ్చేదీ ఒకే జాతి పదార్థం, సాపోనిన్లు.

ఈ గింజలో అతి ముఖ్యమైన విషయం అది నీటిలో తేలడం. రెండు పప్పుబద్దల నడుమ గాలి నిలిచే ఖాళీ ఉంటుంది, పైన నీరు చొరబడని తొడుగు ఉంటుంది. ఏటి ఒడ్డున రాలిన గింజ వరదకు కొట్టుకుపోతుంది, ఏరు నదిలో కలిస్తే నదిలోకి, నది సముద్రంలో కలిస్తే సముద్రంలోకి. హిందూ మహాసముద్రం చుట్టూ, ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా ఈ తీగ ఉండటానికి కారణం ఇదే. దీని అట్లాంటిక్ దాయాది గింజలు కరీబియన్ దీవుల నుంచి ప్రవాహాల వెంట స్కాట్లాండ్, నార్వే తీరాలకు చేరేవి. అక్కడి జనం వాటిని కాన్పు కష్టాలకు తాయెత్తుగా దాచుకునేవారు. ఆర్క్నీ దీవుల ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఇలాంటి గింజల గురించి 1696లో హాన్స్ స్లోన్ ఒక వ్యాసం రాసి, అవి జమైకా వైపు నుంచి వచ్చినవేనని వాదించాడు. మన పడమటి తీరంలో ఈ తీగ అంతకుముందే గ్రంథస్థమైంది. డచ్చి అధికారి హెండ్రిక్ వాన్ రీడ్ కొచ్చిలో ఉండగా మలబారు వైద్యుల, పండితుల సాయంతో తయారు చేయించిన ‘హోర్టస్ మలబారికస్’ 1678 నుంచి 1693 వరకు 12 సంపుటాలుగా ఆమ్‌స్టర్‌డాంలో అచ్చయింది. అందులో ఈ తీగ మలయాళ పేరుతోనే, బొమ్మతో సహా ఉంది. ఎంటాడా రీడై అన్న పేరులో రీడై అన్నది ఆయన జ్ఞాపకమే. తెలుగు నేలకు వస్తే తూర్పు కనుమల్లో, విశాఖ, గోదావరి ఏజెన్సీల తేమ లోయల్లో, వాగుల వెంట గిల్లతీగ ఉంది. పడమటి కనుమల్లోనూ అంతే, ఏటి ఒడ్లే దానికి ఇష్టం. వాన ఎక్కువ పడే అడవి అని ఊరుకుంటే సగమే చెప్పినట్టు. వాన పడి, ఆ వాన వాగై పారి, ఆ వాగు ఒడ్డు కోసి మట్టి పోసి, పడిన పెద్దచెట్టు చోట వెలుతురు గవాక్షం తెరిచే అడవి అది.

ఇప్పుడు తీగ బతుకు ఎలా నడుస్తుందో చూడాలి. 1865లో చార్లెస్ డార్విన్ పాకే మొక్కల కదలికల మీద రాసిన సుదీర్ఘ పత్రం ఈ రంగంలో మొదటి పెద్ద మెట్టు. చుట్టుకునేవి, నులితీగలతో పట్టుకునేవి, ముళ్ళ కొక్కేలతో ఎగబాకేవి, వేళ్ళతో అతుక్కునేవి అని ఆయన వాటిని విడదీశాడు. లేత కొస గాలిలో గుండ్రంగా తిరుగుతూ ఆధారం కోసం వెతకడాన్ని గంటల తరబడి గమనించి నమోదు చేశాడు. మొక్కలు ఎందుకు పాకుతాయో ఆయన చెప్పిన కారణం ఈనాటికీ నిలిచే ఉంది. చెట్టు తన బరువు తానే మోయడానికి కలప కట్టుకోవాలి. తీగ ఆ ఖర్చు మానుకుని, తక్కువ పదార్థంతో ఎక్కువ ఆకును వెలుతురులోకి చేరుస్తుంది. ఖర్చు మానుకున్న చోట తీగ మిగుల్చుకున్నదాన్ని రెండిటి మీద పెడుతుంది, పొడవు మీదా, నీటి గొట్టాల వెడల్పు మీదా. మానుకట్టే తీగల కాండంలో నీరు పారే నాళాలు అదే లావున్న చెట్టు కాండంలోని వాటి కన్నా చాలా వెడల్పు. సన్నని కాండం గుండా పెద్ద గొడుగుకు నీరు అందేది వాటి వల్లే.

ఇక్కడే ‘కరెంట్ సైన్స్’ వ్యాసకర్తల ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. ఉష్ణమండల అడవులన్నిటినీ పోల్చి చూసిన పరిశోధకులకు ఒక వింత కనిపించింది. చెట్లూ ఇతర మొక్కలూ సాధారణంగా వాన పెరిగే కొద్దీ సమృద్ధమవుతాయి. మానుకట్టే తీగలు మాత్రం వాన తగ్గి, ఎండాకాలం పొడుగైన అడవుల్లో ఎక్కువగా కనిపిస్తాయి. చెట్లు ఆకు రాల్చి ఊపిరి బిగపట్టుకున్న నెలల్లో కూడా తీగలు పెరుగుతూ ఉండగలవు అన్నది దీనికి చెప్పే వివరణ. అంటే ఒకసారి వేళ్ళు లోతుకు దిగి, తల వెలుతురును అందుకున్న తీగకు బెంగళూరు ఎండ శత్రువు కాదు. ఆకాశం తెరిచి ఉన్న పీఠభూమి వెలుతురు దానికి లాభమే. కాబట్టి ముదిరిన గిల్లతీగ ఇక్కడ విజృంభించడం ఆశ్చర్యపడవలసిన విషయం కాదు. అడవిలో దాన్ని కట్టిపడేస్తున్నది ముదిరిన తీగ శక్తి అయి ఉండదు. దాని బాల్యంలోనే ఆ కట్టు ఉండాలి.

బాల్యం అంటే గింజ ఎక్కడ రాలుతుంది, ఎవరు మోస్తారు, ఏ తడిలో నానుతుంది, మొలక మొదటి ఎండాకాలాన్ని ఎవరి నీడలో దాటుతుంది, మొదటి నులితీగకు అందేంత సన్నని కొమ్మ ఎంత దూరంలో ఉంటుంది అన్న ప్రశ్నలన్నీ. అడవిలో వీటిలో ప్రతిదానికీ ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. వాగు మోస్తుంది, ఒడ్డు బురద నానబెడుతుంది, పొద నీడనిస్తుంది, నడిమి వయసు చెట్టు పట్టుకొమ్మ అవుతుంది. బెంగళూరు ఆవరణలో ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు మనిషే. గింజను మనిషి తెచ్చాడు, మనిషి నాటాడు. పట్టుకొమ్మలు కూడా మనిషి నాటినవే. 1907లో మైసూరు సంస్థానం 371 ఎకరాలు దానమిచ్చి, 1909లో సంస్థ పుట్టినప్పుడు ఆ నేల చెట్లు పలుచగా ఉన్న మెట్ట. శతాబ్ద కాలంలో దేశదేశాల చెట్లు నాటితే నేటి పచ్చని ఆవరణ అయింది. ఆ చెట్లు లేకపోతే, అదే మట్టిలో, అదే వానలో ఈ తీగ నేల మీద పొర్లాడే పొదగా మిగిలి ఉండేది. తీగకు పొరుగే నెలవు అన్న నా మాటకు దీనికన్నా స్పష్టమైన సాక్ష్యం నాకు కనిపించదు. మట్టీ వానా మారినా పొరుగు దొరికింది గనుక అది బతికింది. పొరుగులో ఒక భాగమే, అంటే పట్టుకొమ్మలే, దొరికింది గనుక అది ఒక్కతిగానే మిగిలింది.

దీనికి మొదటి అభ్యంతరం ఇలా వస్తుంది. ఒక్కతిగా మిగిలితే నష్టమేమిటి? తోటల్లో, విద్యాసంస్థల్లో నాలుగైదు చోట్ల నాటుకుంటే జాతి నిలిచినట్టే కదా. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన లాల్‌బాగ్ ఉన్న ఊరిది, మొక్కల్ని తెచ్చి పెంచడంలో ఈ ఊరికి రెండున్నర శతాబ్దాల అనుభవం ఉంది. తోటల విలువను నేను తక్కువ చెయ్యను. అడవిలో కనిపించని భాగాల్ని కూడా కళ్ళకు కట్టిన పరిశోధన ఆ తీగ ఇక్కడ ఉండబట్టే సాధ్యమైంది. అయితే నాలుగెకరాలు పరుచుకున్నా అది జన్యుపరంగా ఒక్క ప్రాణి. ఒక తెగులు దాన్ని లొంగదీసుకునే దారి కనిపెడితే నాలుగెకరాలకూ ఒకటే గతి. జాతి అంటే వేలాది భిన్నమైన ప్రాణులు, ఒక్కొక్కటి ఒక్కో వాగు ఒడ్డున, ఒక్కో కరువునూ ఒక్కో వరదనూ తట్టుకుంటూ, తట్టుకోలేనివి రాలిపోతూ సాగే పరంపర. తోట ఆ పరంపరలో ఒక క్షణాన్ని నిలిపి చూపగలదు, పరంపరను నడపలేదు.

ఈ మాట గిల్లతీగ దగ్గర కాస్త దూరపు సంగతిగా అనిపించవచ్చు. మన చుట్టూ ఉన్న రాతికొండల సొంత తీగ దగ్గరికి వస్తే నొప్పి తెలుస్తుంది. తెలుగువాళ్ళు మారేడు కొమ్ములు, నన్నారి కొమ్ములు అనీ, కన్నడిగులు మాగళి బేరు అనీ పిలిచే డెకాలెపిస్ హమిల్టోనై దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. వాన తక్కువైన కొండవాలుల్లో, బండల సందుల్లో వేళ్ళు దింపి, ముళ్ళపొదల మీదికి పాకుతుంది. వేళ్ళు లావుగా, కండపట్టి, ఘాటైన వాసనతో ఉంటాయి. ఆ వాసననిచ్చే పదార్థం వెనిలిన్‌కు రూపాంతరం, అవే పరమాణువులు వేరే అమరికలో. బెంగళూరులో దాన్ని నిమ్మరసంలో, మజ్జిగలో ఊరగాయ పెడతారు. చిత్తూరు, కడప వైపు ఎండాకాలం అమ్మే నన్నారి షర్బత్తుకు సుగంధిపాల వేరుతో పాటు ఈ వేరూ వాడతారు. మందుల అంగళ్ళలో సుగంధిపాలకు బదులుగా ఇదే చేరుతుంది. ఇంత గిరాకీ ఉన్న వేరును తవ్వితే తీగ చస్తుంది. ఆకు కోసేచోట తీగ మళ్ళీ చిగురిస్తుంది. విశాఖ ఏజెన్సీలో గిరిజన సహకార సంస్థ కొనే అడ్డాకు అలాంటిది, కోసినా అడ్డతీగ బతికే ఉంటుంది. మారేడు కొమ్ములకు ఆ వెసులుబాటు లేదు. యానాది, సోలిగ గిరిజనులు తరతరాలుగా తవ్వుకున్నప్పుడు కొంత వదిలి కొంత తీసేవారు. దూరపు వ్యాపారి తూకంతో కొనడం మొదలుపెట్టాక వదలడానికి కారణం లేకుండా పోయింది. తవ్వేవాడి ఆకలిని తప్పుపట్టే హక్కు మనకు లేదు. షర్బత్తు తాగేదీ ఊరగాయ తినేదీ మనమే.

సాగు చేస్తే సరిపోతుంది కదా అంటారు. సాగు అవసరమే, నేనూ గట్టిగా సమర్థిస్తాను. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ ఈ మొక్క మీద చేసిన పని అలాంటి ప్రయత్నాలకు ఎంతో తోడ్పడింది. అయితే సాగు వేరును కాపాడుతుంది, తీగను కాపాడుతుందని హామీ లేదు. పొలంలో వేరు పెరగడానికి ఏళ్ళు పడుతుంది, పెట్టుబడి కావాలి. కొండమీది వేరుకు పెట్టుబడి లేదు, కూలి మాత్రమే. పొలం వేరు చవకయ్యేదాకా కొండ ఖాళీ అవుతూనే ఉంటుంది. ఇంకా ముఖ్యమైన సంగతి, ఈ తీగ గింజ పట్టుకుచ్చుతో గాలికి ఎగిరేది. ఎగిరి బండ సందులో, పొద చాటున పడాలి. క్వారీ వచ్చి బండ పోతే, ఏటేటా నిప్పు వచ్చి పొద పోతే, ఆ గింజ దిగే చోటే ఉండదు. తడి అడవిలో వాగు చేసే పనిని ఇక్కడ బండా పొదా చేస్తున్నాయి. నెలవు ముఖం మారింది, సూత్రం మారలేదు.

రెండో అభ్యంతరం అడవి శాస్త్రం నుంచే వస్తుంది, అది బలమైనది. తీగలు చెట్లకు హాని చేస్తాయి. వెలుతురు లాక్కుంటాయి, కొమ్మలు విరుస్తాయి, పెరుగుదలను అణుస్తాయి. పనామాలో తీగల్ని కోసేసిన ప్లాట్లనూ ఉంచిన ప్లాట్లనూ మూడేళ్ళు పోల్చి 2015లో ప్రకటించిన పరిశోధనలో, తీగలున్న అడవి ఏటా నికరంగా పోగుచేసుకునే కర్బనం దాదాపు 76 శాతం తగ్గినట్టు తేలింది. మన అటవీశాఖల కార్యప్రణాళికల్లో బ్రిటిష్ కాలం నుంచీ తీగల నరికివేత ఒక మామూలు పని. టేకు కూపుల్లో, సాల అడవుల్లో అడ్డతీగను శత్రువుగానే చూశారు. ఈ సాక్ష్యాన్ని నేను కాదనను. తీగ చెట్టుకు ఖరీదైన పొరుగే. కానీ అడవిని కలప గోదాముగా చూసినప్పుడే ఆ ఖరీదు ఒక్కటే లెక్కకు వస్తుంది. అదే పనామా ప్రయోగంలో తీగల్ని తీసేసిన చోట పురుగుల్ని తినే పక్షులు తగ్గిపోయాయి. ఎండిన ఆకులు చిక్కుకునే తీగల గుబుర్లే వాటి వేటచోట్లు. ఇంకొక సంగతి కూడా ఉంది. తీగలు అదుపు తప్పి చెట్లను ముంచెత్తేది ఎక్కువగా నరికివేతలతో, రోడ్లతో చీలిపోయిన అడవుల్లో. అంచులు పెరిగితే వెలుతురు పెరుగుతుంది, వెలుతురు పెరిగితే తీగ చెలరేగుతుంది. అలాంటిచోట తీగను నరికితే చీలిక మానదు. జబ్బు ఒకచోట ఉంటే కత్తి మరోచోట పెట్టినట్టవుతుంది.

బెంగళూరులోనే దీనికి మరో సాక్షి ఉంది. భారతీయ విజ్ఞాన సంస్థ, జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయం వంటి పాత ఆవరణల్లో దేవాంగపిల్లి ఇంకా బతికి ఉంది. పెద్ద కళ్ళతో, సన్నని కాళ్ళతో రాత్రిపూట తిరిగే ఈ చిన్న ప్రాణి కోతిలాగా దూకలేదు. ఒక కొమ్మను వదలకముందే ఇంకో కొమ్మను పట్టుకోవాలి. చెట్టుకూ చెట్టుకూ మధ్య ఖాళీ వస్తే దాని దారి తెగుతుంది, నేలకు దిగితే కుక్కలూ వాహనాలూ ఉన్నాయి. చెట్ల తలల్ని కలిపే పని అడవిలో తీగలు చేస్తాయి. గిల్లతీగ చెట్ల ఖాళీల మీదుగా గాలిలో కాడలు చాచిందని ఆ వ్యాసంలో చదివినప్పుడు దాన్ని తీగ సొంత విస్తరణగా మాత్రమే చూస్తాం. దేవాంగపిల్లి వైపు నుంచి చూస్తే అది రహదారి. నగరంలో చెట్లను ఒక్కొక్కటిగా, సిమెంటు చట్రంలో, ఎడంగా నాటి, పైకి పాకిన ప్రతి తీగనూ శుభ్రత పేరుతో కోసేస్తే చెట్ల సంఖ్య నిలుస్తుంది, దారులు నిలవవు.

మన చట్టాలు కూడా సంఖ్యనే చూస్తున్నాయి. 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం దృష్టిలో చెట్టు అంటే సొంత కాండం మీద కొమ్మల్ని మోసేది. ఆ చట్టం ఎంతో మేలు చేసింది, అది లేకపోతే బెంగళూరు ఇంకా బోడిగా ఉండేది. కానీ ఇంకొకరి కాండం మీద నిలిచే మొక్కకు ఆ నిర్వచనంలో చోటు లేదు. 1927 నాటి భారత అటవీ చట్టంలో తీగల ప్రస్తావన ఉంది గానీ, అది అడవి నుంచి తెచ్చే ఉత్పత్తుల వరుసలో, గడ్డి పక్కన, నాచు పక్కన. ఇంటి గోడలకు మనం ఎంచుకునే తీగల్ని చూసినా ఇదే మతిమరుపు. బోగన్‌విలియా బ్రెజిల్ వైపుది, నీలిపూల పెట్రియా మధ్య అమెరికాది. వాటి మీద నాకు ద్వేషం లేదు, అందమైనవే. మైసూరు పేరునే మోస్తున్న థన్‌బెర్జియా మైసోరెన్సిస్ మన పడమటి కనుమల తీగ. విదేశీ గాజుతోటల్లో ఆదరంగా పెంచుతారు. ఎరుపూ పసుపూ కలిసి గొలుసులుగా వేలాడే దాని పూలలో మకరందం తాగడానికి తేనెపిట్టలు వస్తాయి. మన కంచెల మీద తిప్పతీగ, దూసరితీగ, నల్లేరు, గురివింద, నాభి తమంతట తాము పాకేవి. కంచె పోయి కాంక్రీటు గోడ వచ్చాక వాటికి పట్టుకొమ్మ పోయింది.

మూడో అభ్యంతరం చివరిది, అందరి మనసులోనూ ఉండేది. నగరం అడవి కాలేదు, ఇళ్ళూ నీళ్ళూ ఉద్యోగాలూ కావలసినచోట వాగు ఒడ్డునూ ముళ్ళపొదనూ కాపాడమని అడగడం విలాసం అని. నగరం మొత్తాన్ని అడవి చెయ్యమని నేను అడగడం లేదు. నా వాదన ప్రకారం తీగకు కావలసింది అంచులు. వాననీరు పారే రాజకాలువల ఒడ్లు, చెరువుల పైభాగాన నీరు వచ్చి చేరే తడినేల, ఇళ్ళు కట్టడానికి పనికిరాని బండలు, పాత ఆవరణల వెనుకభాగాలు. ఇవి ఇంకా ఉన్నాయి. వీటిని చదును చేసి, రాళ్ళు పరిచి, పచ్చిక పెంచి అందం చేశామనుకునే పద్ధతి ఒక్కటి మానితే ఖర్చు పెరగదు, తగ్గుతుంది. వాన జోరుకు ఒడ్డు కోసుకుపోకుండా పట్టేది కూడా ఆ పొదలూ తీగల వేళ్ళే. నగరం అంచున ఉన్న బన్నేరుఘట్ట జాతీయవనం చుట్టూ పర్యావరణ సున్నిత మండలాన్ని 2016 ముసాయిదాలో సుమారు 269 చదరపు కిలోమీటర్లుగా ప్రతిపాదించి, 2020లో తుది ప్రకటన వచ్చేసరికి దాదాపు 169కి కుదించారు. ఆ పోయిన వంద చదరపు కిలోమీటర్లలో దట్టమైన అడవి లేదని వాదించినవారు ఉన్నారు. లేకపోవచ్చు. రాతిగుట్టా, పొదా, వాగూ, పొలం గట్టూ ఉన్న నేల అది. మారేడు కొమ్ముల వంటి తీగలకు నెలవు సరిగ్గా అలాంటి నేలే. దట్టమైన చెట్లున్నదే కాపాడదగిన నేల అన్న అలవాటు ఆలోచన ఇక్కడ నేరుగా నష్టం చేసింది.

కాబట్టి నా వినతులు మూడే, అన్నీ చిన్నవే. ఈ నగరంలోని పాత ఆవరణలన్నిటిలో చెట్ల పట్టికలతో పాటు తీగల పట్టికలు కూడా తయారు చెయ్యాలి. ఏ తీగ ఏ చెట్టు మీద, దాని కింద మొలకలు ఉన్నాయా లేవా అన్నది తప్పనిసరిగా రాయాలి. మొలకల గడి లేని పట్టికకు నెలవు గురించి చెప్పగలిగేది ఏమీ ఉండదు. అటవీశాఖల కార్యప్రణాళికల్లో తీగల నరికివేతను మూకుమ్మడి పనిగా కాక, కారణం రాసి, జాతి పేరు రాసి, అవసరమైన చోటే చెయ్యాలి. మారేడు కొమ్ములతో వ్యాపారం చేసే సంస్థలు తాము కొన్న వేరు పొలానిదా కొండదా అన్నది సీసా మీద అచ్చువేయాలి. షర్బత్తు కొనేవాడికి తెలిసే హక్కు ఉంది.

గిల్లతీగ విషయంలో నా వాదనను పరీక్షించే వీలు కూడా ఉంది, పరీక్షించాలనే నా కోరిక. నేను చెప్పింది నిజమైతే, దాని గింజల్ని ఆవరణలోనే మూడు రకాల చోట్ల, నీరు పారే కాలువ ఒడ్డున, చెట్ల నీడన, ఎండ పడే మెట్ట మీద వదిలి, నీరు పొయ్యకుండా, కంచె వెయ్యకుండా ఏటేటా లెక్క పెడితే, మెట్ట మీద ఒక్కటీ మిగలకూడదు, నీడన కొన్ని మొలిచి మొదటి ఎండాకాలంలో పోవాలి, కాలువ ఒడ్డున మాత్రమే కొన్ని రెండో ఏడు చూడాలి. మెట్ట మీద మొలిచినవి మనిషి సాయం లేకుండా పెరిగి, చెట్టెక్కి, పూసి, మళ్ళీ గింజ రాల్చితే ఈ ఉపన్యాసంలో నేను బాల్యం గురించి చెప్పినదంతా తప్పు, వానే దాన్ని అడవికి కట్టిపడేసిందన్న మాట కూడా తప్పు. అప్పుడు ఆ తీగ ఏటి ఒడ్డును ఎందుకు అంటిపెట్టుకుందో మళ్ళీ మొదటి నుంచి వెతకాలి. ఈ ప్రయోగానికి పెద్ద నిధులు అక్కర్లేదు. గింజలూ, నోటుపుస్తకమూ, పదేళ్ళపాటు ఒకరి తరవాత ఒకరు లెక్క రాసే విద్యార్థులూ ఉంటే చాలు. ఈ సభలో ఉన్న అధ్యాపకులు ఆ పనిని ఈ వర్షాకాలంలోనే మొదలుపెట్టాలని కోరుతున్నాను.